ఆట ఎవరిని కలుపుతుంది?

1991 నవంబరు 10, ఆదివారం. కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో భారత్, దక్షిణాఫ్రికా జట్ల మధ్య జరుగుతున్న వన్డే మ్యాచ్‌ను మా ఇంటి ముందు గదిలో ఇరుగు పొరుగు పిల్లలమంతా చాపల మీద కూర్చుని చూస్తున్నాము. 21 సంవత్సరాల బహిష్కరణ తరువాత దక్షిణాఫ్రికా ఆడుతున్న తొలి అంతర్జాతీయ మ్యాచ్ అది. క్లైవ్ రైస్ ఆ జట్టుకు నాయకుడు. అలన్ డోనాల్డ్ అనే, మేమెన్నడూ పేరు వినని బౌలర్ మనవాళ్ళ వికెట్లు ఐదు తీసుకున్నాడు. హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పే మా పెదనాన్న చేతిలోని పేపరు మడిచి పక్కన పెట్టి, కాసేపు తెరవైపు చూసి, "దక్షిణాఫ్రికా జట్టంటున్నారే, ఇందులో ఒక్క నల్లవాడూ లేడేమిట్రా?" అని అడిగారు. మాలో ఎవరికీ జవాబు తెలియదు. మ్యాచ్ మనమే మూడు వికెట్ల తేడాతో గెలిచాము. ఆ ఆనందంలో ఆ ప్రశ్న అక్కడే ఉండిపోయింది.

ఆటలు జాతుల మధ్య గోడలను కూలుస్తాయని, మైదానంలో రంగు కనపడదని, జట్టు గెలిచిన రోజున దేశమంతా ఒక్కటవుతుందని విన్నప్పుడల్లా నాకు పెదనాన్న ప్రశ్న గుర్తుకు వస్తుంది. క్రికెట్‌ను ప్రాణప్రదంగా చూసుకుంటూ పెరిగిన మనిషిని గనుక ఈ మాటలు నిజం కావాలన్న కోరిక నాలో బలంగానే ఉంది. అయినా, ఎన్నో ఏళ్ళుగా దక్షిణాఫ్రికా ఆటల చరిత్రను శ్రద్ధగా గమనించిన తరువాత నేను వచ్చిన నిర్ణయం వేరు. వృత్తి క్రీడలు తమంతట తాము జాతి విభేదాలను తొలగించవు. సమాజం ఎవరికి తలుపులు తెరిచిందో, ఎవరిని గుమ్మం బయట నిలబెట్టిందో అవి నలుగురి ముందు చూపిస్తాయి. ఆ చూపించడం వల్ల కొన్ని సందర్భాలలో ఎంతో మేలు జరిగింది. దక్షిణాఫ్రికా విషయంలో మాత్రం ఆట జాతివివక్షను అన్నిటికంటే గట్టిగా దెబ్బకొట్టింది ఆడినప్పుడు కాదు, ఆడడం మానేసినప్పుడు.

ఈ మాట విడ్డూరంగా తోచవచ్చు గనుక కొంచెం వివరంగా చెబుతాను. 1948 తరువాత అక్కడి ప్రభుత్వం మనుషులను శ్వేతజాతివారు, నల్లజాతి ఆఫ్రికన్లు, "కలర్డ్" అనే ముద్రపడిన మిశ్రమ వారసత్వంవారు, భారతీయులు అని విడదీసి, బడి, బస్సు, నివాసం, పెళ్ళి అన్నిటికీ వేరువేరు చట్టాలు చేసింది. ఆటకూ అదే నియమం. దేశం పేరున ఆడే జట్టులో శ్వేతజాతివారికి తప్ప చోటు లేదు. దీని అర్థం మిగిలినవారికి ఆట రాదని కాదు. తూర్పు కేప్ ప్రాంతంలో నల్లజాతివారు 19వ శతాబ్దం నుంచి క్రికెట్, రగ్బీ ఆడుతున్నారు; వారికి సొంత సంఘాలు, సొంత పోటీలు ఉండేవి. లేనివల్లా పచ్చిక మైదానాలు, స్కోరు పుస్తకాలలో చోటు, దేశం జెర్సీ. 1860 నుంచి మద్రాసు రేవు మీదుగా దక్షిణాఫ్రికాలోని నేటాల్ చెరకు తోటలకు కూలీలుగా వెళ్ళినవారిలో తెలుగువారు కూడా ఉన్నారు. వారి మనవలు డర్బన్‌లోని కింగ్స్‌మీడ్ మైదానంలో తమకు విడిగా కేటాయించిన చోట కూర్చుని మ్యాచ్ చూడవలసి వచ్చేది. అలా కూర్చున్నవారు, తమ దేశం పేరు పెట్టుకున్న జట్టు మీద కోపంతో, పర్యటనకు వచ్చిన జట్టు గెలవాలని అరిచేవారు. రాబెన్ దీవి జైలులోని రాజకీయ ఖైదీలు సైతం రగ్బీలో ప్రత్యర్థి జట్టు గెలుపే కోరుకునేవారు. ఆట దేశాన్ని కలుపుతుందనేవారు ఈ స్టాండును ముందుగా తలచుకోవాలని నా మనవి. ఒకే మైదానం, ఒకే మ్యాచ్, ఒకే ఓవరు. చప్పట్లు మాత్రం ఎవరివి వారివే.

కేప్‌టౌన్‌లో పుట్టిన బాసిల్ డొలివీరా "కలర్డ్" వర్గానికి చెందినవాడు కావడం వల్ల సొంత దేశానికి ఆడలేక, 1960లో ఇంగ్లండు వెళ్ళి, ఆ దేశపు టెస్టు ఆటగాడయ్యాడు. 1968 ఆగస్టులో ఓవల్‌లో ఆస్ట్రేలియా మీద 158 పరుగులు చేశాడు. అయినా ఆ శీతకాలపు దక్షిణాఫ్రికా పర్యటనకు మొదట ప్రకటించిన జట్టులో అతని పేరు లేదు. తరువాత టామ్ కార్ట్‌రైట్ గాయపడి తప్పుకోవడంతో డొలివీరాను చేర్చారు. అప్పటి దక్షిణాఫ్రికా ప్రధాని వోర్‌స్టర్ ఆ జట్టును తమ దేశంలోకి రానివ్వబోమని తేల్చి చెప్పాడు, పర్యటన రద్దయింది. సెంచరీ కొట్టిన ఒక్క బ్యాట్స్‌మన్ కేవలం తన ఉనికితో ఒక ప్రభుత్వపు అసలు ముఖాన్ని ప్రపంచానికి చూపించాడు. 1970 నాటికి క్రికెట్ ప్రపంచం దక్షిణాఫ్రికాకు తలుపులు మూసివేసింది.

మన దేశానిది ఈ విషయంలో గర్వించదగిన చరిత్ర. 1946లోనే దక్షిణాఫ్రికాతో వర్తకాన్ని నిషేధించిన దేశం మనది. మన పాస్‌పోర్టులు ఆ దేశానికి చెల్లని కాలం చాలా ఏళ్ళు నడిచింది. 1974లో డేవిస్ కప్ ఫైనల్‌కు చేరిన భారత టెన్నిస్ జట్టు దక్షిణాఫ్రికాతో ఆడకుండా కప్పును వదులుకుంది. విజయ్, ఆనంద్ అమృతరాజ్ సోదరులు మంచి ఫామ్‌లో ఉన్న రోజులవి. గెలిచే అవకాశమున్న ఫైనల్‌ను ఒక సూత్రం కోసం వదులుకోవడం ఆటగాడికి ఎంత కష్టమో ఆడినవారికే తెలుస్తుంది. ఆ వదులుకున్న కప్పును మన క్రీడాచరిత్రలోని గెలుపులలో ఒకటిగా లెక్కించాలని నేను అనుకుంటాను.

"ఆటకూ రాజకీయానికీ ముడిపెట్టకండి, ఆడుతూ ఉంటే మనుషులు వాళ్ళే మారతారు" అన్న వాదన ఆనాడూ బలంగానే ఉంది. దానికి కేప్‌టౌన్‌కు చెందిన క్రికెట్ నిర్వాహకుడు హసన్ హోవా, ఆయనతో కలిసి పనిచేసిన సంఘాలు ఇచ్చిన సమాధానం ఒక నినాదంగా నిలిచిపోయింది: అసహజమైన సమాజంలో సహజమైన ఆట ఉండదు. నల్లజాతి ఆటగాడు మధ్యాహ్నం శ్వేతజాతివారితో కలిసి ఆడి, సాయంత్రం వారు వెళ్ళే హోటల్లో అడుగుపెట్టలేక, వారు ఎక్కే రైలుపెట్టె ఎక్కలేక, నగరం బయటి బస్తీకి తిరిగి వెళ్ళవలసి వచ్చే దేశంలో ఆ మధ్యాహ్నపు ఆట కలయిక కానే కాదని హోవా అన్నాడు. కలిసి ఆడుతున్నట్టు కనపడడం వల్ల లోకం కళ్ళకు అంతా బాగున్నట్టే తోస్తుందని, అది వివక్షకు ముసుగు వేస్తుందని ఆయన భయం.

బహిష్కరణ పనిచేసిందా అంటే పనిచేసిందనే చెప్పాలి. అదొక్కటే పనిచేసిందని కాదు. షార్ప్‌విల్, సొవెటో నల్లజాతి బస్తీలలో పోలీసు కాల్పులకు రక్తం చిందించినవారు, కార్మిక సంఘాలు, ఆర్థిక ఆంక్షలు, జైళ్ళలో మగ్గినవారు అందరూ కలిసి కూల్చిన వ్యవస్థ అది. అయితే సగటు శ్వేతజాతి కుటుంబానికి తమ దేశం వెలివేతకు గురైందన్న సంగతి ఆదివారం భోజనాల బల్ల దగ్గర కూడా తగిలేలా చేసినది ఆట లేకపోవడమే. 1971 ఏప్రిల్‌లో న్యూలాండ్స్ మైదానంలో మైక్ ప్రోక్టర్ వంటి శ్వేతజాతి ఆటగాళ్ళే ఒక్క బంతి వేసిన తరువాత మైదానం విడిచి బయటికి నడిచి, నల్లజాతి ఆటగాళ్ళను అనుమతించని ప్రభుత్వానికి నిరసన తెలిపారు. చేతిలో ఉన్నది పోతున్నప్పుడే ఆ నడక సాధ్యపడిందని మరచిపోకూడదు. 1992 మార్చి 17న జాతివివక్షను అంతం చేసే సంస్కరణలు కొనసాగించాలా వద్దా అని శ్వేతజాతి ఓటర్లను అడిగినప్పుడు వారి క్రికెట్ జట్టు ఆస్ట్రేలియాలో ప్రపంచకప్ ఆడుతోంది. వద్దని తీర్పు వస్తే జట్టు ఇంటికి తిరిగి రావలసిందేనని అందరికీ తెలుసు. 68.7 శాతం మంది సరేనన్నారు. ఆ తరువాత ఐదు రోజులకు సిడ్నీలో వాన పడి, ఒక్క బంతికి 22 పరుగులు కావాలని స్కోరు బోర్డు చూపించిన సెమీఫైనల్ మన తరంవారందరికీ గుర్తుంది. ఓటు సంగతి గుర్తున్నవారు తక్కువ.

ఇక 1995 జూన్ 24. జొహానెస్‌బర్గ్ ఎల్లిస్ పార్క్‌లో రగ్బీ ప్రపంచకప్ ఫైనల్. నెల్సన్ మండేలా, దశాబ్దాలుగా నల్లజాతివారు అసహ్యించుకున్న ఆకుపచ్చ జెర్సీని, నాయకుడు ఫ్రాంస్వా పీనార్ ధరించే 6 నంబరుతో, తన ఒంటి మీద వేసుకుని మైదానంలోకి వచ్చారు. స్టేడియంలో ఎక్కువ భాగం శ్వేతజాతివారే. వారు ఆయన పేరు పలుకుతూ జేజేలు కొట్టారు. అదనపు సమయంలో జోయెల్ స్ట్రాన్‌స్కీ కొట్టిన డ్రాప్ గోల్‌తో దక్షిణాఫ్రికా 15-12తో న్యూజిలాండ్‌ను ఓడించింది. ఆటలు గోడలు కూలుస్తాయనేవారు ముందుగా చూపించే దృశ్యమిదే, దాని విలువను నేను తగ్గించి మాట్లాడను. అంతర్యుద్ధం భయం ఇంకా పోని రోజులలో, మనసులో శత్రుభావం పెట్టుకున్న వేలాదిమంది ఆ మధ్యాహ్నం ఆ మనిషిని తమ అధ్యక్షుడిగా అంగీకరించారు. అయితే ఆ పని చేసినది రగ్బీ కంటే ఎక్కువగా 27 ఏళ్ళు జైలులో గడిపి, తనను బంధించినవారి చిహ్నాన్ని తన గుండెలకు ఆనించుకున్న ఒక మనిషి దొడ్డ మనసు. చేయి చాచినది ఓడినవారు కాదు, బాధపడినవారు. పైగా ఆ జట్టులో శ్వేతజాతికి చెందనివాడు ఒక్కడే, చెస్టర్ విలియమ్స్. ప్రపంచకప్ పోస్టర్ల నిండా అతని ముఖమే ఉండేది. తనతో ఆడిన కొందరు తనను జాతి పేరుతో దూషించారని ఏడేళ్ళ తరువాత అతను చెప్పినప్పుడు చాలామంది నొచ్చుకున్నారు. అంత అందమైన కథను ఎందుకు పాడుచేస్తున్నావని అడిగినవారూ ఉన్నారు. 12 ఏళ్ళ తరువాత, 2007లో, దక్షిణాఫ్రికా మళ్ళీ ప్రపంచకప్ గెలిచిన ఫైనల్‌లో ఆట మొదలుపెట్టిన 15 మందిలో శ్వేతజాతికి చెందనివారు ఇద్దరు. కలిపే శక్తి గెలుపులో ఉన్నట్టయితే ఒకటి రెండు కావడానికి 12 ఏళ్ళు పట్టేది కాదు.

ఈ విషయంలో నన్ను అన్నిటికంటే కలచివేసిన కథ మఖాయా ఎన్తినీది. తూర్పు కేప్‌లోని ఎండింగి అనే పల్లెలో పశువులు కాసుకునే పిల్లవాడు, ఒక శిక్షకుడి కంట పడి, డేల్ కాలేజ్ అనే పేరున్న బడిలో సీటు సంపాదించి, 1998లో దక్షిణాఫ్రికాకు ఆడిన తొలి నల్లజాతి ఆఫ్రికన్ క్రికెటర్ అయ్యాడు. 101 టెస్టులలో 390 వికెట్లు తీశాడు. 2003లో లార్డ్స్‌లో పది వికెట్లు తీసుకుని పిచ్‌ను ముద్దుపెట్టుకున్నాడు. 2005లో పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో ఒకే టెస్టులో 13 వికెట్లు పడగొట్టాడు. అలుపెరగని మనిషని అతనికి పేరు. జట్టు బస్సులో వెళ్తుంటే అతను హోటల్ నుంచి మైదానానికి, మైదానం నుంచి హోటల్‌కు పరుగెత్తి వెళ్ళేవాడని వ్యాఖ్యాతలు మెచ్చుకోలుగా చెప్పేవారు. మేమూ కుర్రతనంలో ఆ పరుగును గొప్ప క్రమశిక్షణగా చెప్పుకున్నాము. 2020 జూలైలో అతను ఆ పరుగు వెనుక కారణం చెప్పాడు. బస్సులో తాను వెనుక కూర్చుంటే అందరూ ముందుకు వెళ్ళి కూర్చునేవారు. అల్పాహారం దగ్గర తన బల్ల వద్దకు ఎవరూ వచ్చేవారు కాదు. రాత్రి భోజనానికి వెళ్దామని ఎవరూ వచ్చి తలుపు తట్టేవారు కాదు. తన ఎదుటే ఎక్కడికి వెళ్ళాలో మాట్లాడుకుని తనను వదిలి వెళ్ళేవారు. ఆ ఒంటరితనం భరించలేక బ్యాగు డ్రైవరుకు ఇచ్చి పరుగెత్తేవాడు. ఒకే యూనిఫామ్ వేసుకున్నాము, ఒకే జాతీయగీతం పాడాము, అయినా ఈ మౌనాన్ని దాటవలసి వచ్చిందని అతను చెబుతుంటే వినడం కష్టమైంది. జట్టు గెలిచినప్పుడు ఫరవాలేదని, ఓడితే మొదట వేలు చూపించేది తన వైపేనని కూడా చెప్పాడు.

పది సంవత్సరాలకు పైగా ఒకే డ్రెస్సింగ్ రూమ్. వందకు పైగా టెస్టులు. స్లిప్‌లో క్యాచ్ పట్టినవాడి భుజాల మీద చేతులు వేసి ఆనందించిన ఫొటోలు వేల సంఖ్యలో ఉంటాయి. కలిసి ఆడితే మనుషులు దగ్గరవుతారన్న సిద్ధాంతానికి ఇంతకంటే అనువైన పరిస్థితి దొరకదు. అయినా బస్సులో వెనుక సీటు ఖాళీగానే ఉండిపోయింది.

అంటే కలిసి ఆడడం పూర్తిగా వ్యర్థమా అంటే, నేను అలా అనను. ఇరాక్‌లో యుద్ధం వల్ల ఇళ్ళు వదిలిన క్రైస్తవ యువకుల ఫుట్‌బాల్ జట్లలో కొన్నింటిలో ముస్లిం ఆటగాళ్ళను చేర్చి చేసిన ఒక పరిశోధన 2020లో వెలువడింది. ముస్లింలతో ఒకే జట్టులో ఆడినవారు ఆ తరువాత కూడా వారితో కలిసి సాధన చేయడానికి, కలిసి జట్టు కట్టడానికి ముందుకు వచ్చారు. మైదానం దాటి, ముస్లింలు ఎక్కువగా ఉండే మోసుల్ నగరంలో భోజనానికి వెళ్ళడం వంటి వాటిలో మాత్రం పెద్దగా మార్పు కనపడలేదు. మన ఉత్తరప్రదేశ్ పల్లెలలో వివిధ కులాల యువకులతో క్రికెట్ లీగ్ నడిపించి చేసిన మరొక పరిశోధనలో, ఒకే జట్టులో ఆడిన వేరు కులాలవారి మధ్య స్నేహాలు పెరిగాయి. ప్రత్యర్థులుగా తలపడినవారి మధ్య ఆ మేలు జరగలేదు సరికదా, కొంత ఎడం పెరిగింది. ఈ రెండింటిలోనూ గమనించవలసిన సంగతి ఒకటుంది: మారినవారు ఆడినవారు. స్టాండ్‌లో కూర్చున్నవారి గురించి, టీవీ ముందున్న కోట్లాదిమంది గురించి ఈ ఫలితాలు హామీ ఇవ్వవు. వృత్తి క్రీడలో ఆడేవారు పదకొండుమందో పదిహేనుమందో. మిగిలిన మనమంతా చూసేవారమే.

చూసేవారు మారిన ఉదాహరణ కూడా ఒకటుంది, దాన్ని దాచడం న్యాయం కాదు. ఈజిప్టుకు చెందిన ముస్లిం ఫుట్‌బాల్ ఆటగాడు మొహమ్మద్ సలాహ్ 2017లో ఇంగ్లండులోని లివర్‌పూల్ క్లబ్‌లో చేరిన తరువాత, ఆ నగరమున్న మెర్సీసైడ్ ప్రాంతంలో విద్వేష నేరాలు, అతను రాకపోతే ఉండేవని అంచనా వేసిన స్థాయి కంటే 16 శాతం తగ్గాయని, ఆ క్లబ్ అభిమానుల ట్వీట్లలో ముస్లిం వ్యతిరేక రాతలు సగానికి సగం తగ్గాయని పరిశోధకులు లెక్కగట్టారు. గోల్ కొట్టి నేలకు నుదురు ఆనించి సజ్దా చేసే ఒక మనిషిని వారం వారం ప్రేమగా చూడడం వల్ల, ఆ మతం పట్ల ఉన్న భయం కొంత కరిగిందన్నమాట. ఇది చిన్న విషయం కాదు. అయితే సలాహ్ తొలి సీజన్‌లోనే లీగ్‌లో 32 గోల్స్ కొట్టాడన్న సంగతి కూడా పక్కన పెట్టుకుని ఆలోచించాలి. 2021 జూలై 11న యూరో ఫైనల్‌లో ఇంగ్లండు తరఫున పెనాల్టీలు తప్పిన రాష్‌ఫర్డ్, శాంచో, శాకా అనే ముగ్గురు నల్లజాతి కుర్రవాళ్ళ మీద ఆ రాత్రే సామాజిక మాధ్యమాలలో విషం కురిసింది. శాకాకు అప్పటికి 19 ఏళ్ళు. గెలిస్తే తాను జర్మన్‌నని, ఓడితే వలసవచ్చినవాడినని టర్కీ మూలాలున్న జర్మన్ ఫుట్‌బాల్ ఆటగాడు మెసుట్ ఓజిల్ 2018లో తన దేశపు జట్టును వదిలిపెడుతూ రాసిన మాట వీరందరికీ వర్తిస్తుంది. గోల్స్ లెక్కను బట్టి దక్కే గౌరవం జీతం వంటిది. పని ఆగగానే ఆగిపోతుంది. సాటి మనిషికి ఇవ్వవలసిన గౌరవం అది కాదు.

మా ఊరి సంగతి కూడా చెప్పాలి. 2013, 2014 సంవత్సరాలలో హైదరాబాద్ ఐపీఎల్ జట్టుకు సెయింట్ లూసియాకు చెందిన డారెన్ సామీ ఆడాడు. కొన్ని మ్యాచ్‌లకు నాయకత్వం కూడా వహించాడు. వెస్టిండీస్‌కు 2012లో టీ20 ప్రపంచకప్ గెలిపించిన కెప్టెన్ అతను. సాటి ఆటగాళ్ళు తనను "కాలూ" అని పిలుస్తుంటే అది బలమైన గుర్రం వంటి అర్థమున్న ముద్దుపేరు అనుకుని తానూ నవ్వేవాడినని, దాని అసలు అర్థం నల్లవాడు అని ఇన్నేళ్ళకు తెలిసిందని 2020 జూన్‌లో అతను బాధపడ్డాడు. ఆ తరువాత అప్పటి జట్టులోని ఒకరు తనతో మాట్లాడారని, అది ప్రేమతో పిలిచిన పిలుపేనని చెప్పారని, తాను ఆ మాటను నమ్ముతున్నానని పెద్దమనసుతో ముగించాడు. ప్రేమతోనే పిలిచి ఉండవచ్చు. మన ఇళ్ళలో నల్లగా పుట్టిన ఆడపిల్లను చూసి, పెళ్ళెలా అవుతుందోనని దిగులుపడేవారు కూడా ప్రేమతోనే దిగులు పడతారు.

ఆ వార్త చదివిన రోజున నేను ఒక పాత మ్యాచ్ గుర్తు చేసుకున్నాను. స్టాండ్‌లో నా వెనుక వరుసలోని కుర్రవాళ్ళు వెస్టిండీస్ ఆటగాళ్ళను "ఏయ్ నల్లోడా" అని అరుస్తూ, వారు సిక్సర్ కొట్టినప్పుడు అదే గొంతుతో జేజేలు కొడుతూ ఉన్నారు. ఆ అరుపులో ద్వేషం ఉన్నట్టు నాకు అప్పుడు అనిపించలేదు. నేను వెనక్కి తిరిగి ఒక్క మాట అనలేదు. మా అబ్బాయి నా పక్కనే ఉన్నాడు, అప్పటికి వాడికి ఎనిమిదేళ్ళు. వాడు ఆ పదాన్ని ఇంటికి మోసుకువచ్చాడు. 2021 జనవరిలో సిడ్నీ మైదానంలో మన హైదరాబాద్ కుర్రవాడు మొహమ్మద్ సిరాజ్ ప్రేక్షకుల దూషణ గురించి అంపైర్లకు ఫిర్యాదు చేసి, ఆట ఆగి, ఆరుగురిని స్టాండ్ నుంచి బయటికి పంపినప్పుడు నగరమంతా రగిలిపోయింది. తండ్రి చనిపోయి రెండు నెలలు కాకముందే, కడచూపుకు కూడా రాకుండా దేశం కోసం అక్కడే ఉండిపోయిన బిడ్డ అతను; రగిలిపోవడం సబబే. కానీ అంతకు ఏడు నెలల ముందు సామీ మాటకు ఇదే నగరంలో అటువంటి కదలిక నాకు కనపడలేదు. మనవాడికి తగిలితే గాయం, మన జట్టుకు ఆడినవాడికి తగిలితే ముద్దుపేరు కావడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

మరి దక్షిణాఫ్రికాలో మార్పు ఎలా వచ్చింది? కొంత వచ్చింది, కాదనలేము. 2018లో సియా కొలిసి రగ్బీ టెస్టు జట్టుకు తొలి నల్లజాతి నాయకుడయ్యాడు. 2019లో యోకొహామాలో ఇంగ్లండు మీద 32-12తో, 2023లో పారిస్‌లో న్యూజిలాండ్ మీద ఒక్క పాయింటు తేడాతో ప్రపంచకప్ అందుకున్నాడు. టెంబా బవుమా 2016లో టెస్టు సెంచరీ చేసిన తొలి నల్లజాతి దక్షిణాఫ్రికన్ అయ్యాడు. 2025 జూన్‌లో లార్డ్స్‌లో జరిగిన ప్రపంచ టెస్టు ఛాంపియన్‌షిప్ ఫైనల్‌లో తొడ కండరం పట్టేసినా కుంటుతూ 66 పరుగులు చేసి, ఆస్ట్రేలియాను ఓడించి, 27 ఏళ్ళ తరువాత తన దేశానికి ఐసీసీ ట్రోఫీ తెచ్చాడు. ఇవి వాటంతట అవి జరగలేదు. లక్ష్యాలు నిర్దేశించారు, ఒత్తిడి పెట్టారు. 2016లో క్రీడల మంత్రి, లక్ష్యాలు చేరని క్రికెట్, రగ్బీ సహా నాలుగు సమాఖ్యలకు అంతర్జాతీయ పోటీల నిర్వహణ కోరే హక్కును నిలిపివేశాడు. అదే ఏడాది క్రికెట్ జట్టు సీజన్ మొత్తం మీద సగటున పదకొండుమందిలో ఆరుగురు శ్వేతజాతేతరులు, వారిలో ఇద్దరు నల్లజాతి ఆఫ్రికన్లు ఉండాలన్న నియమం వచ్చింది. అప్పుడు లేచిన మాట మనకు బాగా తెలిసినదే: మెరిట్. ప్రతిభను పక్కన పెడుతున్నారని, ఆటను పాడుచేస్తున్నారని గగ్గోలు. మన కాలేజీ సీట్ల దగ్గర, ఉద్యోగాల దగ్గర వినే మాటలే అక్కడ ఇంగ్లీషులో, ఆఫ్రికాన్స్‌లో వినిపించాయి. బవుమాను ఏళ్ళ తరబడి "కోటా ఆటగాడు" అన్నారు. అతని నాయకత్వంలో జట్టు మొదటి పది టెస్టులలో తొమ్మిది గెలిచి, ఒకటి డ్రా చేసుకుంది.

నియమాల వల్ల నొప్పి లేదని నేను చెప్పడం లేదు. 2015 క్రికెట్ ప్రపంచకప్ సెమీఫైనల్‌లో "కలర్డ్" వర్గానికి చెందిన వెర్నన్ ఫిలాండర్ ఎంపిక వెనుక రంగు లెక్క ఉందన్న వివాదం లేచింది, బోర్డు కాదన్నది. నిజం ఏదైనా, అంతటి బౌలర్ తన చోటును తాను సంపాదించుకోలేదన్న అనుమానాన్ని మోయవలసి వచ్చింది. ఆ బరువు ఆటగాడి మీద పడడం అన్యాయమే. అయితే 1991లో ఈడెన్ గార్డెన్స్‌లో దిగిన పదకొండుమందీ శ్వేతజాతివారే అయినప్పుడు వారి మెరిట్‌ను ఎవరూ శంకించలేదు. నూటికి నూరుపాళ్ళు ఒకే జాతికి కేటాయించిన జట్టును ఎవరూ కోటా అనలేదు. మరుసటి ఏడాది డర్బన్‌లో భారత్ మీద టెస్టు ఆడిన ఒమర్ హెన్రీ, బహిష్కరణ తరువాత ఆ జట్టులో చోటు దక్కిన తొలి శ్వేతజాతేతరుడు. అప్పటికి అతనికి 40 ఏళ్ళు.

2025 లార్డ్స్ జట్టులో నల్లజాతి ఆఫ్రికన్లు ముగ్గురు: బవుమా, రబాడా, ఎంగిడి. 2022 జనగణన ప్రకారం ఆ దేశ జనాభాలో వారిది 81 శాతానికి పైగా. ఆ ముగ్గురూ ఎక్కడ ఆట నేర్చుకున్నారో చూస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. రబాడా సెయింట్ స్టిథియన్స్‌లో, ఎంగిడి హిల్టన్ కాలేజ్‌లో, బవుమా మొదట కేప్‌టౌన్‌లోని సాక్స్‌లో, తరువాత జొహానెస్‌బర్గ్ సెయింట్ డేవిడ్స్‌లో చదివారు. కొలిసిని జ్వీడే బస్తీ నుంచి బయటికి తెచ్చినది గ్రే హైస్కూల్ ఇచ్చిన స్కాలర్‌షిప్. ఇవన్నీ పచ్చిక పిచ్‌లు, నెట్స్, జీతమిచ్చే కోచ్‌లు ఉన్న పేరున్న బడులు. అంటే ముప్పై ఏళ్ళ తరువాత కూడా నల్లజాతి పిల్లవాడు దేశం జట్టులోకి వెళ్ళే దారి, ఒకప్పుడు శ్వేతజాతి పిల్లల కోసం కట్టిన బడుల గేటు గుండానే పోతోంది. ఆ గేటు దాటిన ఒక్కడిని చూసి దేశం చప్పట్లు కొడుతుంది. బస్తీలో సిమెంటు పిచ్ మీద ఆగిపోయినవారి లెక్క ఏ స్కోరు కార్డులోనూ ఉండదు. జాతి విభేదాలను తొలగించడంలో ఆటకు పాత్ర కావాలంటే, ఆ పాత్ర ఫైనల్ రోజున స్టేడియంలో కంటే ముందు ఆ బస్తీ బడిలో మొదలుకావాలి. డబ్బు, మైదానం, శిక్షకుడు అక్కడికి చేరాలి. లార్డ్స్ గెలుపు తరువాత అక్కడి క్రికెట్ బోర్డును అడగవలసిన ప్రశ్న ఇదేనని నా అభిప్రాయం.

బవుమా పుట్టి పెరిగినది కేప్‌టౌన్ శివారులోని లంగా అనే నల్లజాతి బస్తీ. చిన్నప్పుడు తాము ఆడుకున్న వీధి గురించి అతను ఒకసారి చెప్పాడు. తారు సరిగా వేయక బంతి ఎలా పడితే అలా లేచే ఒక వైపుకు పిల్లలు కరాచీ అని పేరు పెట్టుకున్నారు. ఇంకో వైపు మెల్‌బోర్న్. కాస్త శుభ్రంగా, చూడముచ్చటగా ఉండే భాగానికి లార్డ్స్ అని పేరు; తనకు ఇష్టమైన చోటు అదేనట. మ్యాచ్ గెలిచిన ఆ జూన్ సాయంత్రం మా అబ్బాయితో కలిసి టీవీలో అతను ట్రోఫీ ఎత్తడం చూస్తూ నేను ఆ వీధిని తలచుకున్నాను. అక్కడ అతనికి బంతులు వేసినవారు, అతను కొట్టిన బంతిని ఇళ్ళ మధ్య వెతికి తెచ్చినవారు, అతనంత బాగానో అంతకంటే బాగానో ఆడినవారు ఉండే ఉంటారు. వారిలో ఎంతమందికి ఆ బడులలో సీటు దొరికిందో అడగడానికి మా పెదనాన్న ఇప్పుడు లేరు.